ఖర్చు తక్కువైతే జబ్బు తక్కువైనట్టా?
అమెరికా నల్లజాతి వృద్ధుల మందుల పద్దు: 1935 నుంచి నేటి దాకా

ప్రభుత్వ బీమా ఉన్న వృద్ధులు మందుచీటీ మీద కొనే మందులకి ఏడాదికి ఎంత ఖర్చవుతోంది అన్నది అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఒక పెద్ద పరిశోధనాంశం. దీని మీద అర్థశాస్త్రవేత్తలు, ఫార్మసీ పరిశోధకులు వేసిన పట్టికలు గుట్టలకొద్దీ ఉన్నాయి. 2006కి ముందటి కాలానికి సంబంధించిన పట్టికలు చాలామటుకు ఒకే మాట చెప్తాయి. అదే వయసు, అదే షుగరు, అదే గుండెజబ్బు, చేతిలో అదే మెడికేర్ కార్డు ఉన్నా నల్లజాతి, హిస్పానిక్ వృద్ధులు తెల్లవాళ్ళ కంటే తక్కువ మందులు వాడారు. వాళ్ళ మందుల మొత్తం ఖర్చు కూడా తక్కువే.

పట్టిక అక్కడితో ఆగిపోతుంది. ఎందుకు తక్కువ అన్న ప్రశ్నకి జవాబు చదివేవాడి మనసులోంచి వస్తుంది. 'వాళ్ళకి డాక్టర్ల మీద నమ్మకం తక్కువ', 'చెప్పిన మాట వినరు', 'అది వాళ్ళ అలవాటు' అని రాసేసిన వాళ్ళున్నారు. ఈ భాష మనకి కొత్త కాదు. మన పిల్లలు బడి మానేస్తే 'వాళ్ళకి చదువు మీద శ్రద్ధ లేదు' అన్న నోళ్ళు ఎవరివో మనకి తెలుసు. కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత దళిత ఉద్యమం మనకి ఒక పద్ధతి నేర్పింది. రికార్డులో ఏం రాసివుందో చూడ్డంతో సరిపెట్టకూడదు, ఆ రికార్డు ఎవరు రాశారు, దేన్ని కొలిచారు, దేన్ని వదిలేశారు అని అడగాలి. ఆ ప్రశ్నల్నే ఇక్కడ మందుల పద్దుకి వేస్తున్నాం.

మా వాదన సూటిగా ఇది. ఖర్చు జబ్బుకి కొలత కాదు. మందు దగ్గరికి ఒక మనిషిని ఎంతవరకు రానిచ్చారు అన్నదానికి కొలత. ఖర్చు తేడాని చరిత్ర లేకుండా చదివితే, వెలివేసిన వాళ్ళ లేమి కాస్తా 'అవసరం తక్కువ'గా మారిపోతుంది.

మొదలెట్టే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. 'మందుల ఖర్చు' అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి మొత్తం ఖర్చు: బీమా కట్టింది, ప్రభుత్వం కట్టింది, మనిషి కట్టింది అన్నీ కలిపి. రెండోది జేబు ఖర్చు: ఆ ముసలామె తన కొంగుముడి విప్పి కట్టింది. ఈ రెండూ ఒకేవైపు నడవాలని లేదు. మందు కొనడమే మానేసిన వాడికి జేబు ఖర్చు సున్నా. ఆ సున్నాని చూసి అతను సుఖంగా ఉన్నాడనుకునే ప్రమాదం ఉంది.

1. పింఛను దగ్గర మొదలైన తేడా

ముసలితనంలో మందులు కొనే శక్తి వయసులో చేసిన పని దగ్గరే నిర్ణయమవుతుంది. అందుకే ఈ కథ 1965లో కాకుండా 1935లో మొదలవుతుంది. ఆ ఏడు రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తెచ్చిన సోషల్ సెక్యూరిటీ చట్టం వృద్ధాప్య పింఛనుకి పునాది వేసింది. కానీ వ్యవసాయ కూలీలని, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళని దాన్నుంచి తప్పించారు. చట్టంలో 'నల్లవాళ్ళు' అన్న మాట ఎక్కడా లేదు. ఆ అవసరమే రాలేదు. అప్పటి నల్లజాతి శ్రామికుల్లో దాదాపు మూడింట రెండొంతుల మంది ఈ రెండు పనుల్లోనే ఉన్నారు. పత్తి చేలో వంగినవాళ్ళు, తెల్లవాళ్ళ వంటింట్లో అంట్లు తోమినవాళ్ళు లెక్కలోంచి పోయారు. పేరెత్తకుండా వెలివేయడం ఎలాగో ఈ చట్టం చూపిస్తుంది. 1950, 1954 సవరణలతో గానీ ఈ పనులు పింఛను పరిధిలోకి రాలేదు.

ఇంకో ముడి కూడా ఉంది. అమెరికాలో పెద్ద కంపెనీలు, ప్రభుత్వ కొలువులు రిటైరైనవాళ్ళకి కూడా ఆరోగ్య బీమా ఇచ్చేవి. అందులో మందులు కలిసివుండేవి. ఆ ఉద్యోగాల్లోకి నల్లవాళ్ళని రానిచ్చిందే తక్కువ, ఆలస్యంగా. కాబట్టి 1935లో, 1945లో పని దగ్గర జరిగిన వివక్ష 1985లో, 1995లో మందుల షాపు కౌంటరు దగ్గర మళ్ళీ ఎదురైంది. పట్టికలో ఉన్న డెబ్బై ఏళ్ళ మనిషి వెనక యాభై ఏళ్ళ కూలి చరిత్ర ఉంది.

2. మెడికేర్ తెరిచిన తలుపు, తెరవని తలుపు

1946 నాటి హిల్-బర్టన్ చట్టం కింద ఆసుపత్రులు కట్టుకోవడానికి ప్రభుత్వ సొమ్ము ఇచ్చారు. 'వేరుగా ఉన్నా సమానమే' అన్న సాకుతో నల్లవాళ్ళకి వేరే ఆసుపత్రి, వేరే వార్డు పెట్టుకోవడానికి ఆ చట్టమే అనుమతించింది. రెండు గ్లాసుల పద్ధతికి సర్కారీ ముద్ర వేయడమే ఇది. నార్త్ కరోలినాలోని గ్రీన్స్‌బరోలో జార్జ్ సిమ్కిన్స్ అనే నల్లజాతి దంతవైద్యుడు, మరికొందరు కలిసి వేసిన దావాలో 1963లో అప్పీలు కోర్టు ఈ నిబంధనని కొట్టేసింది. 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. ఫెడరల్ ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ సంస్థా జాతి వివక్ష చూపకూడదని దాని ఆరో అధ్యాయం చెప్పింది.

1965 జులై 30న జాన్సన్ మెడికేర్ మీద సంతకం పెట్టాడు. అరవై ఐదేళ్ళు దాటినవాళ్ళకి మెడికేర్, పేదలకి మెడికెయిడ్. తెల్ల డాక్టర్ల ఆధిపత్యంలో ఉన్న అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని గట్టిగా వ్యతిరేకించింది. నల్లజాతి డాక్టర్లు 1895లోనే పెట్టుకున్న నేషనల్ మెడికల్ అసోసియేషన్ సమర్థించింది. మెడికేర్ సొమ్ము కావాలంటే వేరు వార్డులు ఎత్తేయాలన్నారు. 1966 జులై 1న పథకం అమల్లోకి వచ్చే నాటికి, కొద్ది నెలల్లోనే, వెయ్యికి పైగా ఆసుపత్రులు దారికొచ్చాయి. దశాబ్దాల నీతిబోధ చెయ్యలేని పనిని రాజ్యం తన డబ్బు బిగించి చేయించింది. దీన్ని మనం గుర్తుపెట్టుకోవాలి.

అయితే అదే మెడికేర్‌లో మూడు తలుపులు మూసుకునే ఉన్నాయి. ఒకటి, డాక్టర్లకి ఇచ్చే సొమ్ము ఉన్న 'బి' భాగాన్ని ఆరో అధ్యాయం పరిధిలోకి రాదని వదిలేశారు. ఆ వ్యాఖ్యానాన్ని అమెరికా ఆరోగ్య శాఖ 2024లో గానీ మార్చుకోలేదు. రెండు, వయసు. 1965లో పుట్టిన నల్లజాతి మగపిల్లవాడి సగటు ఆయుర్దాయం 61 ఏళ్ళ చుట్టూ ఉండేది. బీమా మాత్రం 65కి మొదలవుతుంది. మూడు, మందులు. ఆసుపత్రి మంచం మీద ఇచ్చే మందుకి బీమా ఉంది. ఇంటికొచ్చాక రోజూ మింగాల్సిన బీపీ మాత్రకి లేదు. మందుల ఖర్చు సంగతి చూడమని 1967లో ఒక ప్రభుత్వ బృందాన్ని వేశారు. 1969లో అది నివేదిక ఇచ్చింది. నివేదిక అలమరాలోకి పోయింది.

3. మౌండ్ బయూ: ఫార్మసీ పద్దులో తిండి

ఇదే కాలంలో మిసిసిపీ డెల్టాలో జరిగిన ఒక ప్రయోగం మందుల ఖర్చు అన్న మాటనే తలకిందులు చేసింది. మౌండ్ బయూ అన్నది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళు తమకోసం కట్టుకున్న ఊరు. చుట్టుపక్కల ఆసుపత్రులు తమని మనుషుల్లా చూడనప్పుడు, నల్లజాతి సంఘమొకటి సభ్యుల చందాలతో 1942లో ఇక్కడ టబోరియన్ ఆసుపత్రిని నిలబెట్టింది. పేదరికం మీద యుద్ధమంటూ ప్రభుత్వం ఇచ్చిన నిధులతో, టఫ్ట్స్ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో, 1967లో ఇక్కడే డెల్టా ఆరోగ్య కేంద్రం తెరిచారు. జాక్ గైగర్ అనే డాక్టరు దీనికి ముఖ్యుడు.

పత్తి ఏరే యంత్రాలొచ్చి కూలీల పని పోయింది. కేంద్రానికి వచ్చే పిల్లలు, పెద్దలు ఆకలి జబ్బుతో వచ్చేవాళ్ళు. డాక్టర్లు మందుచీటీ మీద పాలు, కూరగాయలు, మాంసం రాయడం మొదలెట్టారు. ఆ చీటీ పట్టుకెళ్తే ఊళ్ళోని నల్లవాళ్ళ కిరాణా కొట్లు సరుకులిచ్చేవి. బిల్లు ఆరోగ్య కేంద్రం ఫార్మసీ పద్దులోకి పోయేది. పైనుంచి అధికారులు అభ్యంతరం పెట్టారు, ఫార్మసీ డబ్బు మందులకే అని. ఆకలికి వైద్యగ్రంథంలో రాసివున్న మందు తిండే కదా అన్నది గైగర్ ఇచ్చిన జవాబు సారాంశం. తర్వాత అక్కడి జనం కొన్ని వందల ఎకరాల్లో సహకార వ్యవసాయం కూడా చేసుకున్నారు.

మౌండ్ బయూ ఫార్మసీ పద్దు పెరిగింది గదా, అంటే అక్కడ దుబారా జరిగినట్టా? ఆ పద్దు మొదటిసారి జనం అవసరానికి దగ్గరగా వచ్చిందనే మేం చదువుతాం. ఖర్చు పెరగడమే సమస్య అని మొదలయ్యే ఆరోగ్య అర్థశాస్త్రానికి ఈ కోణం అందదు.

4. జేబులోంచి కట్టిన నలభై ఏళ్ళు

1966 నుంచి 2005 చివరిదాకా, అంటే దాదాపు నలభై ఏళ్ళు, మెడికేర్‌లో బయటి మందులకి సాధారణ బీమా లేదు. ఈ కాలంలో వృద్ధులు నాలుగు వర్గాలయ్యారు. పాత కంపెనీ ఇచ్చే బీమా ఉన్నవాళ్ళు. 'మెడిగ్యాప్' అనే ప్రైవేటు పాలసీ కొనుక్కోగలిగిన వాళ్ళు. బాగా పేదవాళ్ళు కాబట్టి మెడికెయిడ్ కింద మందులు దొరికినవాళ్ళు. ఇవేవీ లేక మొత్తం జేబులోంచి కట్టినవాళ్ళు. మొదటి రెండు వర్గాల్లో నల్లజాతి వృద్ధులు తక్కువ. మూడు, నాలుగు వర్గాల్లో వాళ్ళ వాటా ఎక్కువ. ఖర్చు తేడాలో పెద్ద భాగం ఈ అమరికలోనే ఉంది.

మెడికెయిడ్ రాష్ట్రాల చేతిలో ఉండేది. కొన్ని రాష్ట్రాలు నెలకి ఇన్ని మందుచీటీలే అని హద్దు గీశాయి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం 1981లో నెలకి మూడే అంది. పదకొండు నెలలు అమలైన ఈ నిబంధన మీద సుమెరై, అతని సహచరులు చేసిన అధ్యయనం 1991లో అచ్చయింది. ఎక్కువ మందులు వాడే పేద వృద్ధుల్లో మందుల వాడకం 35 శాతం పడిపోయింది. వాళ్ళు నర్సింగ్ హోముల్లో చేరే ప్రమాదం దాదాపు రెట్టింపయింది. మూడు చీటీల హద్దు తీసేసి చీటీకి ఒక డాలరు కట్టమన్నాక వాడకం మళ్ళీ మునుపటి స్థాయికి దగ్గరగా వచ్చింది. న్యూ హాంప్‌షైర్ దాదాపు మొత్తం తెల్లవాళ్ళుండే రాష్ట్రం. అంటే ఈ దెబ్బ తెల్ల పేదలకీ తగిలింది. పేదరికం తెల్లవాణ్ణి కూడా మందుకి దూరం చేస్తుంది. జాతి వెలి చేసే పనేమిటంటే, నల్లవాళ్ళని ఆ పేదరికంలోకి తరతరాలుగా ఎక్కువమందిని నెట్టి ఉంచుతుంది. ఈ రెండింటినీ కలిపి చూడకుండా 'ఇది వర్గమే, జాతి కాదు' అనేవాళ్ళతో మనకి ఇక్కడా పాత పేచీయే.

1988లో ఒక అవకాశం వచ్చి చేజారింది. రేగన్ హయాంలో మెడికేర్‌కి మందుల బీమా కలుపుతూ చట్టం వచ్చింది. దానికయ్యే డబ్బుని ఆదాయం ఎక్కువున్న వృద్ధుల మీద అదనపు పన్ను వేసి తేవాలన్నారు. 1989లో అది మనిషికి గరిష్ఠంగా 800 డాలర్లు. కంపెనీ బీమా అప్పటికే ఉన్న కలిగిన వృద్ధులు, మాకు అక్కర్లేని దానికి మేం ఎందుకు కట్టాలి అని తిరగబడ్డారు. 1989 ఆగస్టులో షికాగోలో రోస్టెన్‌కౌస్కీ అనే పెద్ద నాయకుడి కారుని వృద్ధులే అడ్డుకున్నారు. టీవీలన్నీ చూపించాయి. ఆ ఏడాది ముగిసేలోపే చట్టాన్ని రద్దు చేశారు. మందుల బీమా మొదలవకుండానే పోయింది. 'వృద్ధులు' అనే ఒకే వర్గం లేదని ఈ ఘటన చెప్తుంది. గొంతున్న వృద్ధులు వీధిలోకొచ్చారు. మందు లేని వృద్ధుల మాట ఆ గొడవలో వినపడలేదు.

5. గారె మధ్య చిల్లు

2003 నవంబరు 22 తెల్లవారుజామున అమెరికా ప్రతినిధుల సభలో మెడికేర్ మందుల బిల్లు మీద ఓటింగు దాదాపు మూడు గంటలు సాగదీశారు. ఓడిపోతున్న బిల్లుని 220-215తో నెగ్గించారు. డిసెంబరు 8న బుష్ సంతకం పెట్టాడు. 'పార్ట్ డి' అనే ఈ బీమా 2006 జనవరి 1న మొదలైంది. ప్రభుత్వమే నేరుగా ఇవ్వకుండా ప్రైవేటు బీమా కంపెనీల ద్వారా ఇప్పించారు. మందుల కంపెనీలతో ధర బేరమాడే అధికారం ప్రభుత్వానికి లేదని చట్టంలోనే రాశారు. బిల్లు నడిపించిన నాయకుల్లో ఒకడైన బిల్లీ టాజిన్ 2005లో మందుల కంపెనీల సంఘానికి అధిపతిగా వెళ్ళాడు.

ఈ బీమా లెక్కని వివరంగా చూద్దాం. 2006లో ప్రామాణిక పథకం ఇలా ఉంది. మొదటి 250 డాలర్లు రోగి కట్టాలి. అక్కడి నుంచి 2,250 డాలర్ల బిల్లు దాకా నాలుగో వంతు రోగిది, మిగతాది బీమాది. 2,250 నుంచి 5,100 దాకా మొత్తం రోగిదే. ఆ పైన రోగికి 5 శాతం. మధ్యలో ఉన్న ఈ ఖాళీని అమెరికన్లు 'డోనట్ హోల్' అన్నారు. మన గారె మధ్య చిల్లు లాంటిదే. నెలకి 300 డాలర్ల మందులు వాడే ఒక ముసలామెని ఊహించుకోండి. ఆగస్టు సగానికొచ్చేసరికి ఆమె చిల్లులో పడుతుంది. అక్కడి నుంచి డిసెంబరు దాకా ప్రీమియం కడుతూనే మందు మొత్తం సొంత డబ్బుతో కొనాలి. ఏడాది బిల్లు 3,600 డాలర్లలో ఆమె వాటా 2,100. ప్రీమియం దీనికి అదనం. ఆగస్టులో ఆమె మాత్రల్ని సగానికి విరిచి వేసుకోవడం మొదలెడితే, పట్టికలో ఆమె ఖర్చు 'తగ్గుతుంది'.

బాగా పేదలకి ఈ చిల్లు లేకుండా 'ఎక్స్‌ట్రా హెల్ప్' అనే రాయితీ పెట్టారు. ఇది మంచి పనే. దీనివల్ల నల్లజాతి వృద్ధులు చాలామందికి మేలు జరిగింది. మెడికేర్, మెడికెయిడ్ రెండూ ఉన్న అరవై లక్షలకి పైగా జనాన్ని దరఖాస్తు లేకుండానే చేర్చారు. కానీ ఏదో ఒక ప్రైవేటు పథకంలో లాటరీ వేసినట్టు పడేశారు. తాము వాడే మందు ఆ పథకం జాబితాలో ఉందో లేదో చూసినవాళ్ళు లేరు. 2006 జనవరి మొదటి వారాల్లో చాలామంది మందుల షాపుల నుంచి వట్టి చేతులతో తిరిగొచ్చారు. పలు రాష్ట్రాలు అత్యవసరంగా సొంత డబ్బు పెట్టాల్సొచ్చింది. మెడికెయిడ్‌లో, రోగి తన వంతు డాలరు కట్టలేకపోయినా మందు నిరాకరించకూడదన్న రక్షణ ఉండేది. పార్ట్ డి లో అది పోయింది.

పేదరికపు గీతకి కాస్త పైనున్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆస్తి చూపించాలి. 2006లో ఒంటరి మనిషికి 11,500 డాలర్లకి మించి ఆస్తి ఉండకూడదు. అందులో 1,500 అంత్యక్రియల కోసం. జీవిత బీమా పాలసీల నగదు విలువని కూడా 2010 దాకా ఆస్తిగానే లెక్కేశారు. అమెరికా దక్షిణాదిలో నల్లజాతి కుటుంబాలు తమ చావుకి ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని వారం వారం చిల్లర కట్టి చిన్న చిన్న పాలసీలు నిలబెట్టుకుంటాయి. గౌరవంగా పోవడానికి దాచుకున్న డబ్బు బతకడానికి కావలసిన మందుకి అడ్డొచ్చింది.

6. టస్కిగీ నుంచి బైడిల్ దాకా

'నమ్మకం తక్కువ' అన్న వాదన దగ్గరికి ఇప్పుడొద్దాం. అలబామాలోని మేకన్ కౌంటీలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్య సేవ ఒక 'అధ్యయనం' నడిపింది. సుమారు 600 మంది నల్లజాతి మగవాళ్ళు. వాళ్ళల్లో 399 మందికి సిఫిలిస్. వాళ్ళకి జబ్బు పేరు చెప్పలేదు. 1940లలో పెన్సిలిన్ సర్వసాధారణమైన వైద్యమయ్యాక కూడా ఇవ్వలేదు. ప్రతిఫలంగా ఇస్తామన్నది వేడి భోజనం, చచ్చాక ఖననం ఖర్చు. ఆ ఖననం డబ్బు కోసం శవపరీక్షకి ఒప్పుకోవాలి. 1997లో క్లింటన్ క్షమాపణ చెప్పాడు. ఇదంతా జరిగాక నల్లజాతి వృద్ధుడు డాక్టర్ని అనుమానంగా చూస్తే దాన్ని సంస్కృతి అనకూడదు. అది అనుభవం నేర్పిన జాగ్రత్త.

పైగా అడ్డంకి అన్నిసార్లూ మనసులో లేదు. వీధిలో ఉంది. 2000లో వచ్చిన ఒక అధ్యయనం న్యూయార్క్ నగరంలో మందుల షాపుల్ని లెక్కేసింది. తీవ్రమైన నొప్పికి వాడే మందులు తగినంత నిల్వ ఉంచిన షాపులు తెల్లవాళ్ళు ఎక్కువగా ఉండే పేటల్లో 72 శాతం, తెల్లవాళ్ళు తక్కువుండే పేటల్లో 25 శాతం. షికాగో నల్లజాతి పేటల్లో దగ్గరలో మందుల షాపే లేని 'ఎడారులు' ఎక్కువని డైమా కాటో బృందం 2014లో చూపించింది. బీమా కార్డు ఉన్నా, రెండు బస్సులు మారి మందు తెచ్చుకోవాలంటే కర్ర పట్టుకు నడిచే మనిషి ఎన్ని నెలలు తెచ్చుకోగలడు?

2005లో వైద్య వ్యాపారం ఇంకో మలుపు తిరిగింది. బైడిల్ అనే గుండె మందుని ఎఫ్‌.డి.ఎ. నల్లజాతి రోగులకి మాత్రమే అని ఆమోదించింది. 1,050 మంది నల్లజాతి రోగుల మీద జరిగిన పరీక్షలో మరణాలు 43 శాతం తగ్గాయి. అంటే మందు పనిచేసేదే. కానీ అందులో ఉన్నవి చాలాకాలంగా చౌకగా దొరుకుతున్న రెండు జెనరిక్ మందులు. రెండింటినీ ఒకే మాత్రలో కలిపి, జాతి ముద్ర వేసి, మాత్ర 1.80 డాలర్లకి అమ్మారు. రోజుకి ఆరు మాత్రల దాకా వేసుకోవాలి. చాలా బీమా పథకాలు దీన్ని ఖరీదైన మందుల వరసలో పెట్టాయి. అమ్మకాలు సాగక కంపెనీ 2008లో ప్రచారం ఆపేసింది. నల్లవాళ్ళ గుండె మీద ఇంత శ్రద్ధ పుట్టింది పేటెంటు గడువు పెంచుకోవడానికి. వాళ్ళ జేబులో ఎంతుందన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు.

7. ఖర్చునే అవసరం అనుకున్న యంత్రం

ఇంతవరకు చెప్పింది పాత కథ అనుకోవద్దు. 2019లో ఒబర్‌మేయర్, అతని సహచరులు ఒక పెద్ద ఆసుపత్రి వాడుతున్న కంప్యూటరు పద్ధతిని పరిశీలించి ప్రచురించారు. ఎవరికి అదనపు వైద్య సహాయం కావాలో ఆ పద్ధతి ఎంచుతుంది. అందులో జాతి అన్న గడి లేదు. 1935 చట్టంలో లేనట్టే. అది చూసేది ఒక్కటే: ఈ రోగికి రాబోయే ఏడాది వైద్య ఖర్చు ఎంతవుతుంది అని. అన్ని దీర్ఘవ్యాధులే ఉన్న తెల్ల రోగి కంటే నల్లజాతి రోగి మీద ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చవుతోంది. కాబట్టి యంత్రం నల్లజాతి రోగి ఆరోగ్యంగా ఉన్నాడని తేల్చింది. ఈ తప్పుని సరిదిద్దితే అదనపు సహాయానికి ఎంపికయ్యే వాళ్ళల్లో నల్లజాతి వాళ్ళు 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతారని లెక్క తేలింది.

మేం మొదట్లో చెప్పిన ప్రమాదం ఇదే. మందు దొరకనివ్వలేదు, కాబట్టి ఖర్చు తక్కువ. ఖర్చు తక్కువ, కాబట్టి అవసరం తక్కువ. అవసరం తక్కువ, కాబట్టి ఇక ముందు కూడా ఇవ్వక్కర్లేదు. నిన్నటి వెలి రేపటి వెలికి రుజువుగా నిలబడుతుంది.

పోరాటాల వల్ల కొన్ని మార్పులొచ్చాయి, వాటిని తక్కువ చెయ్యం. 2010 చట్టం గారె చిల్లుని క్రమంగా పూడ్చింది, 2020కి అది పూర్తయింది. 2022 చట్టంతో మెడికేర్ వృద్ధులకి ఇన్సులిన్ నెలకి 35 డాలర్లు దాటకుండా 2023 నుంచి హద్దు పెట్టారు. 2024లో పూర్తి రాయితీని మరికొందరు పేదలకి విస్తరించారు. 2025లో ఏడాది జేబు ఖర్చుకి 2,000 డాలర్ల పరిమితి వచ్చింది. ప్రభుత్వం బేరమాడిన మొదటి పది మందుల ధరలు 2026 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. బేరం చెయ్యరాదన్న 2003 నాటి నిషేధానికి కొంత గండి పడింది. ఆస్తి పరీక్ష మాత్రం పోలేదు.

8. మనకేం సంబంధం?

1946లో అంబేడ్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశాడు. నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న వినతిపత్రం గురించి తెలుసుకోగోరాడు. డుబాయిస్ జులై చివర్లో జవాబిచ్చాడు. రెండు వెలివాడల మధ్య ఈ సంభాషణ అప్పటిది. వాళ్ళ పద్దుల్ని మనం చదవడం దానికి కొనసాగింపే.

మన దగ్గర 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఆపరేషన్లకి, ఆసుపత్రి వైద్యానికి అండ అయింది. ఎందరో ప్రాణాలు నిలబడ్డాయి. 2024 అక్టోబరులో ఆయుష్మాన్ భారత్‌ని డెబ్బై ఏళ్ళు దాటిన అందరికీ విస్తరించారు. రెండింటికీ కేంద్రం ఆసుపత్రి మంచమే. ఇంట్లో రోజూ మింగాల్సిన బీపీ మాత్ర, షుగరు మాత్ర ప్రధానంగా బీమాకి బయటే. అమెరికా 1965లో వదిలేసిన చోటే మనమూ వదిలేశాం. పీహెచ్‌సీలో మాత్రలుంటే సరి, లేకపోతే మన మాదిగవాడల్లో, మాలపల్లెల్లో ముసలివాళ్ళు ఆర్.ఎం.పి. దగ్గరో, మెడికల్ షాపులోనో రెండ్రోజులకి సరిపడా కొనుక్కుంటారు. ఆ కొనుగోలుకి రసీదు కూడా ఉండదు.

ఇంకో విచిత్రం ఉంది. అమెరికా వృద్ధులు మింగే జెనరిక్ మాత్రల్లో పెద్ద వాటా భారతదేశంలో తయారవుతుంది. అందులో హైదరాబాదు చుట్టుపక్కల ఫ్యాక్టరీలది ముఖ్యమైన భాగం. పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల వ్యర్థాలు శుద్ధిచేసే కేంద్రం వదిలిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. అక్కడి పేదవాడికి చౌక మందు పంపే చోట, ఇక్కడి పేదవాడి వాగులోకి మందు వచ్చి చేరింది.

జాతీయ నమూనా సర్వేలు ఆసుపత్రి ఖర్చుని సామాజిక వర్గాల వారీగా ఇస్తాయి. ఎస్సీ, ఎస్టీల సగటు ఖర్చు మిగతావాళ్ళ కంటే తక్కువగా కనిపిస్తుంది. రేపు ఏ ప్రణాళికా నిపుణుడో, ఏ కంప్యూటరు లెక్కో ఆ అంకె చూసి 'వీళ్ళకి అవసరం తక్కువ' అని తేల్చకముందే మనం కొన్ని పనులు చేసుకోవాలి. ఖర్చు ఎంత అని అడిగే ప్రతి సర్వేలో, కొనకుండా వదిలేసిన మందులెన్ని అన్న ప్రశ్న కూడా ఉండాలని డిమాండ్ చెయ్యాలి. బీమా అంటే ఆసుపత్రి మంచమే కాదు, రోజువారీ మాత్ర కూడా అని పట్టుబట్టాలి. మన విద్యార్థులు తమ వాడల్లో అరవై దాటిన వాళ్ళ దగ్గర కూర్చుని ఏ మందు రాశారు, ఏది కొన్నారు, ఏది ఎప్పుడు మానేశారు, ఎందుకు మానేశారు అని రాసుకోవాలి. ఆ నాలుగో గడి ఇప్పటిదాకా ఏ సర్కారీ పట్టికలోనూ సరిగ్గా నింపలేదు. దాన్ని నింపే పని మనది.